ఒంటి పోగు దుప్పటి

సద్గియాన్,
ఆలివ్ కాయలు దులిపే రోజులు

ప్రియమైన బావా,

అందరం కులాసా అని మొదలుపెడదామంటే పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఈ ఏడు సముద్రపు గాలి మన జెర్బా దీవి మీద పగబట్టింది. అత్త ఇంట్లో ఉన్న మంచి దుప్పట్లన్నీ కప్పుకుని, వాటి కింద మన పిల్ల మరియంని దాచుకుని పడుకుంటోంది. నాకు మిగిలింది మన పెళ్ళినాటి చిరుగుల దుప్పటి. ఇటు లాగితే కాళ్ళు, అటు లాగితే భుజాలు బయటికొస్తాయి.

అసలు సంగతికొస్తాను. మొన్న నీ మగ్గాల గదిలోకి దిగాను. నువ్వు తూనిస్ వెళ్ళేముందు నా చేతికిచ్చిన ఉన్ని సంచి విప్పి చూశాను. నీ పడుగు కోసం నేను కదురు మీద వడికిన దారం అది. పైన చుట్టలుగా కట్టి ఉన్న చిలపలకి పురుగు పట్టింది. "ఈ ఉన్ని ఎవరికీ ఇవ్వకు అల్జియా, తిరిగొచ్చి మొదటి దుప్పటి దీంతోనే నేస్తా" అని వెళ్ళావు. అది ఆరేళ్ళ కిందటి మాట. ప్రతి వేసవికీ వస్తావు, నెల్లాళ్ళు చుట్టంలా ఉంటావు, సంచి మీద చెయ్యేసి "వచ్చే ఏడు" అంటావు, పోతావు. నేను ఊరుకుంటాను కానీ పురుగు ఊరుకోదుగా.

అందుకని ఆ ఉన్నితో నేనే దుప్పటి చేస్తున్నాను. కంగారుపడకు, మగ్గం ఎక్కను. మన దీవిలో మగ్గం మగవాళ్ళది, కదురు ఆడవాళ్ళది. ఆ గీత దాటితే ఊరి సంగతి తర్వాత, ముందు అత్తే నా వీపు విమానం మోత మోగిస్తుంది. అల్లిక కొక్కేనికైతే ఆ పట్టింపు లేదు. పళ్ళేల గుడ్డలకి అంచులల్లే సన్న కొక్కెం ఈ ఉన్నికి ఆగదు కనుక, వడ్రంగి యహ్యా చేత ఆలివ్ కర్రతో లావుపాటిది చెక్కించాను. "ఇదెందుకమ్మా, ఆక్టోపస్‌ని లాగడానికా?" అన్నాడు. "మొగుణ్ణి లాగడానికి" అన్నాను. పాపం, మళ్ళీ తలెత్తలేదు.

ఖర్జూరపాకు చాప ముందేసుకుని, దాని గళ్ళు చూస్తూ పనితనం నేర్చుకున్నాను. కింది వరస కుట్టుకి ముందువైపు నుంచి కొక్కెం దూరిస్తే ఆ చోటు ఉబుకుతుంది, వెనకనుంచి దూరిస్తే అణుగుతుంది. నాలుగు ఉబ్బు, నాలుగు అణుపు. చెయ్యి పెడితే గళ్ళు తగులుతాయి, దూరంనుంచి చూస్తే నేసినట్టే ఉంటుంది. నమ్మవు కదూ? చూద్దువుగాని.

మరియంకి ముందు పళ్ళు ఊడాయి. ఒక్కటీ నువ్వు చూడలేదు.

చలిలో,
నీ అల్జియా


తూనిస్, అన్నయ్య కొట్టు

ప్రియమైన అల్జియాకి,

నీ ఉత్తరం చదువుతూ శనగలడిగిన మనిషికి పంచదార కట్టిచ్చాను. షాబాన్ అన్నయ్య తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు.

ఆ ఉన్ని ముట్టుకోకు. తువాళ్ళకి అంచులల్లే పనితో దుప్పటి చేస్తానంటావేమిటి? నేత నేతే, అల్లిక అల్లికే. గాడిదకి జీను కట్టినంత మాత్రాన గుర్రమవుతుందా?

నీకు చలేస్తోందంటే నాకు నిద్రపట్టడం లేదు, అది నిజం. అందుకే హసన్ లారీలో మంచి దుప్పటి పంపుతున్నాను. ఫ్యాక్టరీ సరుకు, మఖమల్‌లా ఉంటుంది, మధ్యలో పెద్ద పులి బొమ్మ. ఇక్కడ జనం ఎగబడి కొంటున్నారు. ఈ పులే కదా నా మగ్గాన్ని తినేసింది. పోనీ, నీకైనా వెచ్చగా ఉంటుంది.

ఆ సంచి మాత్రం వదిలెయ్యి. మగ్గానికి పాత పడుగు కొసలు అలాగే కట్టి ఉంచి వచ్చాను. కట్టిన చెయ్యే వాటిని కొయ్యాలనేవాడు నాన్న. వచ్చాక వాటికి నీ ఉన్ని ముడేసి నేత మొదలుపెడతాను. ఆ సంచి ఉన్నన్నాళ్ళూ నేను నేతగాణ్ణే, కాస్త ఆలస్యమైన నేతగాణ్ణి. అది ఖాళీ అయితే నేను పొట్లాలు కట్టేవాణ్ణి, అంతే. నాకు తిరిగి రావడానికి ఇక ఏం మిగులుతుంది?

అమ్మకి నా నమస్కారాలు, మరియంకి ముద్దులు. హల్వా డబ్బా కూడా పంపుతున్నాను, అమ్మకి కనబడనీకు.

నీ మాట కోసం చూస్తూ,
అయ్యూబ్


సద్గియాన్,
గొర్రెలు ఈనే కాలం

ప్రియమైన బావా,

పులి దిగింది. అత్త ఆ రాత్రే దాన్ని ఇంట్లోంచి తరిమినంత పని చేసింది. "నమాజు చేస్తుంటే నా వంకే చూస్తోందే! ఇది కప్పుకుంటే నిద్రలో నన్ను మింగదూ?" అని గోల. చివరికి తిరగేసి గోడకి మేకులు కొట్టి బిగించాను. గాలి మాత్రం బాగా ఆపుతోంది. హల్వా సంగతి అడక్కు, నీ కూతురి మూతి చూసి అత్త కనిపెట్టేసింది.

నీ మాట వినలేదు, దుప్పటి మొదలుపెట్టాను. కోపం తెచ్చుకో, కానీ పూర్తిగా చదివి తెచ్చుకో. "నాకు తిరిగి రావడానికి ఏం మిగులుతుంది" అని రాశావు చూడు, ఆ ఉత్తరం మడిచి పక్కన పెట్టి కొక్కెం అందుకున్నాను. ఏం, నేను మిగల్లేదా? నీ కూతురు మిగల్లేదా? పురుగు పట్టిన ఉన్నికి ఉన్న విలువ మాకు లేకపోయిందా? నీ రాక సంచిలో లేదు బావా, నీ కాళ్ళలో ఉంది.

ఇక మంచి మాట. పక్కింటి మన్నూబియా వచ్చి, నా ఒళ్ళో ఉన్నది చూసి, "అయ్యూబ్ ఎప్పుడొచ్చాడే, చెప్పనేలేదు!" అంది. ఎందుకలా అనుకున్నావని అడిగితే, "ఇది మగ్గం మీది పనేగా" అంది. దగ్గరకొచ్చి తడిమి చూసి నోరు వెళ్ళబెట్టింది. తనూ నేత ఇంటి కోడలే, తననే ఇంత మోసం చేసిందంటే నా కొక్కెం మామూలుది కాదు. అత్త మాత్రం "దాంతో చేపలు పట్టుకోవే, కూరైనా అవుతుంది" అంటూనే ఉంది. అంటూనే దగ్గర కూర్చుని చిలపలు ఉండలు చుట్టి ఇస్తోంది.

కుట్టు మీద కుట్టు వేస్తూ,
నీ అల్జియా


సద్గియాన్,
అదే నెల చివర

ప్రియమైన బావా,

నువ్వు జవాబు రాయలేదు. అలిగావు కాబోలు. అలక అలాగే ఉంచుకుని ఒక్క సంగతి చెప్పు, నేతగాడివి కనుక అడుగుతున్నాను.

దుప్పటి వాలిపోతోంది. అంచుల్లో కుట్లు రోజూ లెక్కపెడుతున్నాను, ఒక్కటీ ఎక్కువ లేదు, తక్కువ లేదు. అయినా పరిచి చూస్తే నాలుగు మూలలూ నలుచదరంగా లేవు. మొత్తం ఒకవైపుకి ఒరిగిపోయింది, ఎదురుగాలిలో నడిచే ముసలాడిలాగా. తడిపి, రాళ్ళు పెట్టి, సాగదీసి ఆరేశాను. రాళ్ళు తియ్యగానే మళ్ళీ ఒరిగింది. అత్త చూసి, "నా కొడుకు శాపం తగిలింది" అంది. శాపాలకి నేను భయపడను. కారణం చెప్పు చాలు.

నీ అల్జియా


తూనిస్

ప్రియమైన అల్జియాకి,

రాయకూడదనే అనుకున్నాను. కానీ వాలిపోయిన గుడ్డ గురించి చదివి నేతగాడు ఊరికే కూర్చోలేడు.

తప్పు నీ కుట్టుది కాదు, దారానిది. నువ్వే నా పడుగు కోసం దాన్ని గట్టి పురితో, ఒంటి పోగుగా వడికావు, గుర్తుందా? మగ్గం మీద నేను రెండు కొసలా బిగించి పట్టుకుంటాను కనుక బుద్ధిగా నిలబడుతుంది. నీ కొక్కెం దాన్ని అలా పట్టుకోదు, వదిలేస్తుంది. వదిలేసిన ఒంటి పోగు తన పురి తిరిగిన వైపుకే లాక్కుపోతుంది. రాళ్ళు పెట్టినా, దేవుడికి మొక్కుకున్నా అంతే. సంతలో మామూలు ఉన్ని కొనుక్కునే ఆడది ఈ తప్పు చెయ్యదు. పడుగు వడికే ఇంటి ఆడదే చేస్తుంది.

దారి ఒక్కటే. మొత్తం విప్పు. రెండేసి పోగులు కలిపి, మొదటి పురికి ఎదురువైపుకి తిప్పి జంటపురి పెట్టు. ఒకటి ఇటు లాగుతుంటే రెండోది అటు లాగుతుంది, అప్పుడు దారం తిన్నగా నిలబడుతుంది. సముద్రపు నీళ్ళలో ఉతికి, బరువేమీ కట్టకుండా ఆరెయ్యి.

కానీ ముందే చెబుతున్నాను, జంట చేస్తే దారం సగమైపోతుంది. సగం దుప్పటే వస్తుంది. ఇంత శ్రమ ఎవరి కోసం? విప్పి సంచిలో వేసెయ్యి, మిగిలింది నేను చూసుకుంటాను. మొండితనం మానుకో.

నీ అయ్యూబ్


సద్గియాన్,
అత్తిచెట్లు చిగిర్చాయి

ప్రియమైన బావా,

విప్పేశాను. చలికాలమంతా అల్లింది మూడు పూటల్లో ఉండలైపోయింది. విప్పుతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను, ఏడుస్తూనే విప్పాను. మరియం ఉండలు దొర్లించి ఆడుకుంది. ఎవరి బాధ వారిది.

అత్త ఒక పోగు, నేను ఒక పోగు పట్టుకుని పురిపెట్టాం. కదురు నా చేతిలో తిరుగుతుంటే అత్త వాకిలి ఆ చివరకి వెళ్ళి నిలబడేది. "అరవయ్యేళ్ళు వడికాను, ఇలా ఎదురు తిప్పడం ఎన్నడూ చూళ్ళేదు" అంటూనే సాయంత్రం దాకా నిలబడింది. మళ్ళీ అల్లాను. నువ్వన్నది నిజం బావా. దారం గీసిన గీతలా నిలబడింది. మూలలు నాలుగూ మసీదు మూలల్లా ఉన్నాయి. గళ్ళు ఇదివరకటికంటే ఎత్తుగా లేచాయి. చీకట్లో తడిమినా ఎక్కడ ఉబ్బో ఎక్కడ అణుపో తెలిసిపోతుంది.

సగమే వచ్చింది, నువ్వన్నట్టే. వెడల్పు ఒక మనిషికి సరిపోతుంది. ఎవరి కోసం అన్నావుగా? ఈ మంచం మీద ఉన్నది ఒక్క మనిషే కదా, సరిపోయింది.

ఇంకో మాట. ఈ వేసవికి బట్టలు సర్దుకుని నెల్లాళ్ళకని వచ్చేట్టయితే రావద్దు. ఇది అలిగి రాయడం లేదు, ఆలోచించి రాస్తున్నాను. నువ్వు వచ్చిన రోజునుంచీ వెళ్ళే రోజు గురించే భయపడుతూ ఉంటాను, ఆ నెల నాకు కలిసి రాదు. నీ ఉన్ని అయిపోయింది. ఇక "వచ్చే ఏడు" అనడానికి నీకు సంచి లేదు. వస్తే ఉండటానికి రా. లేదంటే ఆ మగ్గం కొసలు నన్నే కోసేసుకోమని రాయి, గదిలో ఆలివ్ నూనె జాడీలు పెట్టుకుంటాను.

కుట్ల లెక్క అడుగున రాశాను. నేతగాడివి, లెక్క చూసి తప్పు పడతావని. వెడల్పుకి తొంభైయారు.

నీ అల్జియా


సద్గియాన్,
వేసవి దాటింది

ప్రియమైన బావా,

రావద్దని రాస్తే నిజంగానే రాలేదు. మాట వినే మొగుడు నాకు ఇప్పుడే దొరికాడు!

వేళాకోళం కాదు, కంగారుగా ఉంది. ఇన్ని నెలలు ఉత్తరం రాయకుండా నువ్వెప్పుడూ లేవు. లారీ హసన్ ఏదో చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నాలు కొట్టు తలుపు వేసి లోపల కూర్చుంటున్నావట. షాబాన్ పెద్దబావ అరిచినా లేవడం లేదట. నువ్వు కప్పుకునే శాలువా కూడా కనబడటం లేదన్నాడు. ఒంట్లో బాగోలేదా? శాలువా అమ్ముకునేంత కష్టమేమొచ్చింది? నేను రాసిన మాటలు గుచ్చుకున్నాయా?

గుచ్చుకోవాలనే రాశాను. వెనక్కి తీసుకోను. కానీ నువ్వు బాగున్నావని ఒక్క ముక్క రాయి.

నీ అల్జియా


తూనిస్,
తొలి వానలు

ప్రియమైన అల్జియాకి,

బాగానే ఉన్నాను. హసన్ చేతికి ఇస్తున్న మూట ముందు విప్పు, ఉత్తరం తర్వాత చదువు.

విప్పావా? అదీ సంగతి.

మన పెళ్ళయిన ఏడాది నువ్వు వడికితే నేను నేసుకున్న శాలువా ఉన్నే అది, ఇప్పుడు సగం దుప్పటి. నేశాక నీళ్ళలో తొక్కించి ముద్దకట్టించకుండా వాడుకున్నాను కనుక పోగులు అంటుకోలేదు, లాగితే విడివడ్డాయి. ఒక నేతగాడు తన నేతని తనే విప్పుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. నువ్వు ఏడుస్తూ విప్పానని రాశావుగా, దాంతో నాకు ధైర్యమొచ్చింది. పడుగు పోగుకి పేక పోగు కలిపి జంటపురి పెట్టాను. అదే గొర్రెల ఉన్ని, అదే నీ చెయ్యి.

కొక్కెం పట్టడం హాజా ఖదూజా నేర్పింది. రోజూ హరిస్సా కారం ముద్ద కోసం వచ్చే ముసలమ్మ. మొదట్లో పగలబడి నవ్వింది. "గడ్డం ఉన్న కోడలిని ఇప్పుడే చూస్తున్నా! ఆ వేళ్ళు అలా కొయ్యల్లా పెట్టకు నాయనా, దారం పారిపోదులే" అనేది. కొట్టుకొచ్చిన మగాళ్ళంతా నవ్వారు. అన్నయ్య నవ్వలేదు, తిట్టాడు. అందుకే తలుపు వేసుకున్నాను. నవ్వులకి కాదు, ఎవరైనా మాట్లాడిస్తే లెక్క తప్పుతోంది. వెడల్పు తొంభైయారు, నీ లెక్కే.

అల్లుతూ కూర్చుంటే ఒక్కటి తెలిసింది. నేను రాలేకపోయింది కొట్టు వల్ల కాదు. వచ్చాక మగ్గం మీద కూర్చుని నేసి, దాన్ని ఎవరూ కొనకపోతే, అప్పుడు నేనెవర్ని అనే భయం వల్ల. సంచి అలా నిండుగా ఉన్నంతకాలం ఆ భయం నా దగ్గరికి రాలేదు. నువ్వు సంచి ఖాళీ చేశావు.

నీ సగం, నా సగం అతికేస్తే దుప్పటి పూర్తవుతుంది. అతికి, వెచ్చగా కప్పుకో. నీకు చలెయ్యదని తెలిస్తే నేనిక్కడ నిద్రపోతాను.

నీ అయ్యూబ్


సద్గియాన్

ప్రియమైన బావా,

మూట విప్పాను. అత్త నీ ముక్కని ముఖానికి అద్దుకుంది. "నా కొడుకు ఆడదాని పని చేశాడే!" అని ఏడ్చింది, ఆనక అదే మాట ఊరంతా గొప్పగా చెప్పుకొచ్చింది.

తర్వాత నా సగం పక్కన నీ సగం పరిచాను. కుట్లు తొంభైయారే. గళ్ళూ అవే. కానీ నీ ముక్క వెడల్పులోనూ పొడవులోనూ జానెడు తక్కువ. ప్రతి కుట్టునీ మగ్గం మీద పేక కొట్టినట్టు కొట్టి బిగించావు. నీ చేతికి ఇంకా మగ్గం ఉందనే భ్రమ. ఈ రెంటినీ అతికితే పాత దుప్పటిలాగే వాలిపోతుంది. అత్త "సాగదీసి కుట్టెయ్యవే, ఎవరు చూస్తారు" అంది. నేను చూస్తాను. రోజూ కప్పుకునేది నేను.

అందుకని నీ ముక్క తిప్పి పంపుతున్నాను. లారీలో వచ్చే సగం నాకొద్దు. "అతికి కప్పుకో, నేనిక్కడ నిద్రపోతాను" అని రాశావు. ఆరేళ్ళ కిందట సంచి ఇచ్చి వెళ్ళావు, ఇప్పుడు సగం దుప్పటి ఇచ్చి అక్కడే ఉండిపోదామనుకున్నావు. కుదరదు బావా. విప్పి, నా పక్కన కూర్చుని, నా చెయ్యి ఎంత వదులో చూసి అల్లు.

అతకడానికి దారం కూడా నేను ఎంచి పెట్టాను. నువ్వు మగ్గానికి కట్టి వెళ్ళిన పాత కొసలు. కట్టిన చెయ్యే కొయ్యాలని నువ్వే రాశావు, మీ నాన్న మాట. నేను వాటిమీద చెయ్యి వెయ్యను. అవి కోశాక మగ్గం బోసిపోతుంది, కొత్త పడుగు వెయ్యాలి. వేసింది ఎవరూ కొనకపోతే మనమే కప్పుకుందాం. మనకి గొర్రెలున్నాయి, ఆలివ్ చెట్లున్నాయి, సముద్రంలో చేపలున్నాయి. నువ్వెవరో అప్పుడు తీరిగ్గా ఆలోచించుకుందువుగాని. నాకు ముందే తెలుసు.

రెండో సగం కోసం మంచం మీద చోటు ఉంచి,
నీ అల్జియా


గాబెస్ బస్సు స్టాండు

ప్రియమైన అల్జియాకి,

ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుందో లేదో తెలియదు. కొట్టు తాళాలు అన్నయ్య చేతిలో పెట్టాను. తిట్టాడు, తిట్టి దారిలో తినమని ఖర్జూరాలు కట్టిచ్చాడు. హాజా ఖదూజా తన కొక్కెం నాకిచ్చేసింది, "వదులుగా అల్లరా, బిగించి ఎవరూ బాగుపడలేదు" అంది.

తూనిస్‌లో బస్సెక్కగానే విప్పడం మొదలుపెట్టాను. సుస్సె దాటేసరికి సగమైంది. పక్క సీటాయన ఉండలు పట్టుకున్నాడు. ఎందుకు విప్పుతున్నావని అడిగాడు. మా ఆవిడకి నచ్చలేదన్నాను. ఇంకేమీ అడగలేదు, ఆయనకీ పెళ్ళయినట్టుంది.

ఇప్పుడు నా దగ్గర దుప్పటి లేదు, ముక్కా లేదు. వట్టి ఉన్ని సంచి ఒకటి ఉంది. ఆరేళ్ళ కిందట ఇలాంటిదే నీకిచ్చి వెళ్ళాను. దీన్ని నేనే మోసుకొస్తున్నాను.

రేపు మధ్యాహ్నం పడవ దిగుతాను. పులిని గోడకే ఉండనీ. కత్తెర మాత్రం సాన పట్టించి ఉంచు.

నీ అయ్యూబ్